జెముడు విత్తనాలకు నల్ల పట్టా కప్పిన ఏడాది

ఈమధ్య గుంటూరు బ్రాడీపేటలో మందుల షాపుకి వెళితే, బిల్లు కొట్టే అమ్మాయి కంప్యూటర్ పక్కన టీకప్పంత కుండీలో గుండ్రటి కాక్టస్ ఒకటి కనిపించింది. "నీళ్ళు ఎప్పుడెప్పుడు పోస్తావమ్మా?" అని అడిగాను. "గుర్తొచ్చినప్పుడు ఆంటీ" అంది. "ఇది విత్తనంతో వచ్చిందా, పిలక విరిచి పెట్టిందా?" అన్నాను. ఆ అమ్మాయి బిల్లు నా చేతిలో పెట్టి నా వంక కాస్త జాలిగా చూసింది. రిటైరైన మనిషి, పనీపాటా లేదు అనుకుని ఉంటుంది. అనుకుంటే తప్పేం లేదు.

ఆ అమ్మాయికి చెప్పే వీలు లేకపోయింది కానీ, నర్సరీ పనిలోకి కొత్తగా వస్తున్న మీకైనా ఆ ప్రశ్న ఎందుకు అడిగానో చెప్పాలనిపించింది. మీరంతా చదువుకుని వస్తున్నారు. సందేహం వస్తే ఫోను తీసి చూసుకుంటారు. అయినా సరే, మా షెడ్డులో జరిగినలాంటిది మీకూ ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరుతుంది. రాని పని దగ్గర మనిషి జాగ్రత్తగానే ఉంటాడు. బాగా వచ్చిన పని దగ్గరే బోల్తా పడతాడు.

నేను పనిచేసింది చిలకలూరిపేట దాటి ప్రకాశం వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక ప్రైవేటు నర్సరీలో. చుట్టూ పత్తి, మిరప. మేము పెంచేది మిరపనారు. విత్తే షెడ్డుకు నేను ఇన్‌చార్జిని. తొలకరి మొదలైన దగ్గర్నుంచి మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. రైతులు ట్రాక్టర్లు వేసుకొచ్చి గేటు దగ్గర నిలబడి నారు కోసం కేకలు పెట్టేవాళ్ళు. నాట్లు అయిపోయాయంటే షెడ్డు బావురుమనేది. ఇక మా ఆడవాళ్ళ ముఠా వేరే పని వెతుక్కోవాలి. ముందు పత్తితీతలు, తర్వాత మిరపకోతలు, ఎండలు ముదిరేసరికి గుంటూరు పక్క కోల్డు స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని.

తొడిమలు తీయడమంటే ఎండుమిరపకాయల కుప్ప ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, ఒక్కొక్క కాయకూ తొడిమ గిల్లడం. మూతికి గుడ్డ కట్టుకున్నా ఘాటు ఆగదు. అందరికీ తుమ్ములూ కళ్ళమంటా ఉంటాయి. మా ముఠా మేస్త్రికి మాత్రం ఆయాసం. మామూలు రోజుల్లో ఆవిడ గొంతు షెడ్డు ఈ చివర ఎత్తితే ఆ చివర ట్రేలు కడిగేవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. ఎండాకాలం ఆ పనికి వెళ్ళి వచ్చాక మాత్రం, నాలుగు మాటలు మాట్లాడి గోడ పట్టుకునేది. ఇంకోసారి ఆ ఘాటులో కూర్చుంటే తన దగ్గరికి రావద్దని డాక్టరు చెప్పాడట. "కూర్చోకపోతే ఎట్టా మేడం? ఆ నాలుగు నెలలు మా పొయ్యి ఆయన ఎలిగిస్తాడా?" అని నాతో అనేది. నవ్వుతూనే అనేది కానీ, ఆ నవ్వు చివర దగ్గు వచ్చేది. నాకు భయం వేసేది.

ఇలా ఉండగా, పత్తితీతలు లేని రోజుల్లో ముఠా షెడ్డుకు వచ్చిపోయే చలికాలంలో, మా ఓనరుగారు హైదరాబాదులో ఏదో పెళ్ళికి వెళ్ళొచ్చారు. అక్కడ భోజనాలయ్యాక వచ్చినవాళ్ళందరికీ తాంబూలంతోపాటు చిన్న కాక్టస్ కుండీలు ఇచ్చారట. ఆయనకు నిద్ర పట్టలేదు. వారం తిరిగేసరికి విత్తనాల పొట్లాలు తెప్పించారు. కుండీల మీద వేయాల్సిన పేరు, స్టిక్కరు రంగు కూడా ఖాయం చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కానీ ఆయన అన్న ఇంకో మాట మాత్రం మా అందరికీ గట్టిగా పట్టుకుంది. "ఇవి గనక మొలిచి నిలబడితే ఎండాకాలం కూడా షెడ్డు నడుస్తుంది. ముఠా ఎక్కడికీ పోనక్కర్లేదు."

మేస్త్రి ఆ మాట విని, పొట్లం తీసుకుని గింజలు అరచేతిలో పోసుకుని చూసింది. కొన్ని ఆవగింజంత ఉన్నాయి, కొన్ని గసగసాలకన్నా సన్నం.

"జెముడుకి ఇత్తనం ఏంది మేడం? కంచె మీద ఓ ముక్క నరికి పారేస్తే అదే లేస్తది కదా."

"కొన్ని రకాలు పిలకలు పెట్టవంట. గింజ వేస్తేనే వస్తాయి."

"అంటే దీనికి గూడా పుట్టుక ఉందన్నమాట" అంది. ముప్ఫై ఏళ్ళు విత్తనాలతో బతికినదాన్ని, జెముడు పుట్టగానే ఎలా ఉంటుందో నేనూ ఎప్పుడూ చూడలేదు. మాకందరికీ చూడాలని సరదా పుట్టింది.

ఓనరుగారు ఫోనులో ఒక వీడియో చూపించారు. ఏ దేశమో, ఏ భాషో తెలియదు. ఒకాయన డబ్బాలో గింజలు చల్లి, తడిపి, మూత పెట్టాడు. "చూశారా, కప్పాలట" అన్నారు ఓనరుగారు. కప్పడం మాకు ఒకరు నేర్పాలా? ట్రే గుంటల్లో కొబ్బరిపొట్టు నింపి, గింజ వేసి, పైన మళ్ళీ పొట్టు కప్పి, ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కుప్ప మొత్తానికి నల్ల ప్లాస్టిక్ పట్టా చుట్టేస్తాం. ఆ చీకట్లో, ఆ వెచ్చదనంలో మిరపగింజ సుఖంగా పగులుతుంది. మొలక ముక్కు కనబడగానే ట్రేలు దించి షేడ్‌నెట్ కింద పరుస్తాం. మా చుట్టుపక్కల అంత ఒద్దికగా కుప్ప పేర్చే ముఠా లేదని మా అందరికీ గర్వం. జెముడు గింజలను కూడా అంత ఒద్దికగానూ పేర్చి, పట్టా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాం.

వారం ఆగి పట్టా ఎత్తితే ఏమీ లేదు. ఇంకో వారం ఆగాం. ఆ తర్వాత ఎత్తితే ట్రేల మీద తెల్లటి బూజు దూదిలా పరుచుకుని ఉంది. మోటారు, మందులు చూసే ఒకాయన ఉండేవాడు, ఏ సంగతైనా ముందే తెలుసునన్నట్టు మాట్లాడే మనిషి. "ఎడారి మొక్కండీ అది. మీరు దానికి అభ్యంగన స్నానం చేయించారు. మొలుస్తదా?" అన్నాడు. ఓనరుగారు విత్తనాలు అమ్మినవాణ్ణి తిట్టి, ట్రేలు దులిపెయ్యమని చెప్పి వెళ్ళిపోయారు.

కుప్ప విప్పుతున్నాం. నేను కింది ట్రేల బూజు చూస్తున్నాను. అన్నిటికన్నా పై ట్రే తీసుకుని బయటికి వెళ్ళిన మేస్త్రి ఒక్క కేక పెట్టింది. తేలు కుట్టిందేమోనని పరిగెత్తాను.

ఆ ట్రేలో ఒక మూల, అరచేతి మేర, పచ్చటి పూసలు. ఆకు లేదు, కాడ లేదు, సగ్గుబియ్యం గింజకు పచ్చరంగు అద్దినట్టు ఉన్నాయి. ఆ మూల తప్ప ట్రేలో ఇంకెక్కడా లేవు. పట్టా వెతికి చూస్తే సరిగ్గా అక్కడే చిరిగి ఉంది. షెడ్డులో ఎలకల కోసం తిరిగే పిల్లి పైనుంచి దూకి ఉంటుంది. ఆ చిరుగులోంచి షేడ్‌నెట్ మీది మంచునీళ్ళు కారి, గింజల మీది పొట్టు కూడా కొట్టుకుపోయింది.

"ఇక్కడే ఎందుకు మొలిచినట్టు?" అన్నాను నేను. ఆ ప్రశ్న నన్ను పట్టుకున్న పట్టు మామూలుది కాదు. ఇంటికి వెళ్ళి పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను.

"గాలి తగిలింది మేడం. ఊపిరాడక సచ్చినయ్యి మిగతాయి" అంది మేస్త్రి. ఆవిడకు అదే తోచడంలో వింత లేదు.

"చల్లటి చుక్కలు పడ్డయ్యి, అందుకు" అన్నాడు మోటారాయన, ముందు స్నానం వద్దన్న మనిషే.

నా లెక్క వేరు. గింజలకు కుళ్ళు రాకుండా మేము పట్టించిన మందు ఎక్కువైందనీ, కారిన నీళ్ళు దాన్ని కడిగేశాయనీ నేను గట్టిగా నమ్మాను. ఎవరు పట్టిన కుందేలుకు వాళ్ళు మూడే కాళ్ళన్నారు. వాదించుకుని లాభం లేదు, పెట్టి చూద్దామన్నాను. ఒక పొట్లం ఇంకా మిగిలి ఉంది.

కుమ్మరి దగ్గర మట్టి మూకుళ్ళు తెప్పించాం. ఇసుక, ఇటుకపొడి, కొంచెం కొబ్బరిపొట్టు కలిపి నింపి, మోటారాయన చుక్కల కోసం ఒకటి, మేస్త్రి గాలి కోసం ఒకటి, నా కడిగిన గింజలు ఒకటి, ఇలా ఎవరి నమ్మకానికి వాళ్ళం ఒక మూకుడు విత్తుకున్నాం. మేస్త్రి మూకుడు మూత లేకుండా పెడితే మధ్యాహ్నానికల్లా పైన ఎండిపోయేది. నా మూకుడికీ, మోటారాయన మూకుడికీ అలవాటుగా నల్ల పట్టా ముక్కలు కట్టాం. చివర్లో నాలుగు చిటికెల గింజలు మిగిలాయి. వాటిని పారేయడం ఎందుకని ఇంకో మూకుట్లో చల్లాం. దాని మీద కప్పడానికి పొట్టు లేదు, కట్టడానికి పట్టా కూడా మిగల్లేదు. మేస్త్రి ఆడపడుచు వాళ్ళు చీరాలలో నేత నేస్తారు. అక్కడి నుంచి వచ్చిన, లోపలిది పైకి కనబడే ప్లాస్టిక్ చీర కవరు ఒకటి ఆవిడ అన్నం సంచీలో ఉంది. అన్నం గిన్నె బయటికి తీసి, ఆ కవరు మూకుడికి తొడిగేసింది. అది గింజలు తడిగా ఉండడానికి చేసిన పనే తప్ప, దాని మీద మాకెవరికీ ఏ నమ్మకమూ లేదు.

మొలిచింది ఆ మూకుడే. కవరు లోపల చెమ్మ పట్టి ఉంటే తుడిచి చూశాం. నిండా పచ్చపూసలు. మిగతా మూకుళ్ళలో ఒకటీ అరా కూడా లేవు.

ఒకసారి సరిపోదని, నా మూకుడి పట్టా తీసి, గింజల మీది పొట్టు ఊదేసి, దానికీ చీర కవరు తొడిగాను. కొద్ది రోజుల్లో అదీ పూసలు కట్టింది. అప్పుడు అర్థమైంది. వాటికి కావలసింది గాలీ కాదు, చుక్కలూ కాదు, కడుగుడూ కాదు. వెలుతురు. తడి ఆరకూడదు, వెలుతురు తగలాలి. మిరపగింజకు చీకటి మంచం వేసి పడుకోబెట్టిన చేతులు మావి. విత్తనమన్నాక చీకట్లోనే మొలుస్తుందని మాలో ఎవరమూ ఎప్పుడూ అనుకోను కూడా అనుకోలేదు. అది మాకు ఊపిరి పీల్చడంలాంటిది, అనుకోవలసిన సంగతే కాదు.

ఓనరుగారి ఫోను తీసుకుని ఆ వీడియో మళ్ళీ చూశాం. ఆయన పెట్టిన మూత అద్దంలా ఉంది, లోపలి గింజలు పైకి కనబడుతూనే ఉన్నాయి. మొదటిసారి అందరం మూత పెట్టడమే చూశాం. అందరం కాసేపు ఒకరి మొహాలొకరం చూసుకుని నవ్వుకున్నాం.

ఆ తర్వాత చీరాల నుంచి చీర కవర్లు కట్టలుగా వచ్చాయి. ఓనరుగారు ఈసారి నమ్మి ఎక్కువ విత్తనాలు తెప్పించారు. షెడ్డులో ఒక వరస నిండా మూకుళ్ళు. మిరపకు పట్టే నల్ల తామర పురుగులు చూడటానికి వాడే భూతద్దం ఒకటి మా దగ్గర ఉండేది, అది పొద్దున్నే చేతులు మారేది. పూస నడినెత్తిన చిన్న చీలిక వచ్చి, అందులోంచి తెల్లటి నూగు బయటికి వస్తుంది. ముళ్ళకు అది మొదలు. ముట్టుకుంటే పసిపిల్లల తల వెంట్రుకల్లా మెత్తగా ఉంటుంది. మా ముఠాలో ఒకావిడ, అందరిలోకీ నోరు గట్టి మనిషి, అద్దంలో చూసి "ఓసినీ, ఇదా పెద్దయ్యాక మనల్ని పొడిసేది!" అంది. మోటారాయన ఒక మూకుణ్ణి మిరపనారులాగా గట్టిపరుద్దామని ఎవరికీ చెప్పకుండా ఎండలో పెట్టాడు. మధ్యాహ్నానికి కవరులో ఇడ్లీకుండలా ఆవిరి లేచింది. ఆ మూకుడి సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఇక ఆ రోజు గురించి చెప్పాలి. మిరపకోతలు ముగింపుకొచ్చాయి. తొడిమల పనికి ముఠాను తీసుకెళ్ళే ఆటో మర్నాడు పొద్దున వస్తుందని కబురు వచ్చింది. ఓనరుగారు ఆ సాయంత్రం వచ్చి మూకుళ్ళు చూసి, ముఠాను ఉంచాలో లేదో చెప్తానన్నారు. ఆ పొద్దున నేను షెడ్డులోకి వెళ్ళేసరికి మేస్త్రి మూకుళ్ళ ముందు గొంతుక్కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"కుళ్ళు పట్టింది మేడం" అంది.

చాలా మూకుళ్ళలో అక్కడక్కడ పూసలు నీరుకారి, గాజుముక్కల్లా అయి, ఒరిగిపోయాయి. నారుకుళ్ళు మాకు కొత్త కాదు. మిరపకైతే మందు కలిపి పోసేస్తాం. ఓనరుగారికి ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నారు. నాకు చెయ్యి రాలేదు. ఇన్నాళ్ళూ మూసి ఉన్న లేత పూసలు, ఆ మందు తట్టుకుంటాయా? పైగా తడి వల్ల వచ్చిన జబ్బుకు ఇంకా తడి పోయడమా? కవర్లు తీసేసి గాలి ఆడనిద్దామని నేను. వద్దు, పోయమని ఆయన. ఫోనులోనే గొడవ పడ్డాం. చివరికి సగం మూకుళ్ళకు ఆయన మందు, సగానికి నా గాలి అని ఒప్పందం కుదిరింది.

ఏది చేసినా ముందు కుళ్ళినవాటిని ఏరాలి. చీపురుపుల్లల కొనలు చెక్కుకుని, ముఠా అంతా వరసగా కూర్చున్నారు. కుళ్ళిన పూసనూ, దాని చుట్టూ ఉన్న మట్టినీ కలిపి పుల్లతో ఎత్తి బయట పడేయాలి. పక్క పూస కదలకూడదు. మామూలుగా అయితే ఆ ముఠా పనిచేస్తుంటే సినిమాలూ, కోడళ్ళూ, ఊళ్ళో తగువులూ అన్నీ వినబడేవి. ఆ రోజు అందరి తలలూ మూకుళ్ళ మీదే వంగి ఉన్నాయి. వాళ్ళు ఏరుతున్నది ఎవరి కోసమో అందరికీ తెలుసు. మేస్త్రి ఒక్కతే మధ్యమధ్య "మెల్లగానే, మెల్లగా" అంటూ ఉంది.

సాయంత్రం ఓనరుగారు వచ్చేసరికి మూకుళ్ళలో అక్కడక్కడ గుంటలు పడ్డాయి కానీ, మిగిలిన పూసలు నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. ఆయన అద్దం పెట్టుకుని వరసంతా చూశారు. మొహం విప్పారింది. మర్నాటికీ, ఆ తర్వాతా కూడా అవి నిలబడే ఉన్నాయి. మందు పోసినవీ నిలబడ్డాయి, పోయనివీ నిలబడ్డాయి. అది తన మందు గొప్పతనమని ఆయనా, నా గాలి గొప్పతనమని నేనూ చాలా రోజులు అనుకున్నాం. నిజం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

కానీ ఆ సాయంత్రం ఆయన నన్ను అడిగిన ప్రశ్న వేరు. "బాగానే ఉన్నాయండి. నడుపుదాం. ఇకనుంచి వీటికి రోజూ ఎంతమంది కావాలి?"

నేను మనసులో లెక్క వేసుకున్నాను. మిరపనారు రోజూ మనుషుల్ని అడుగుతుంది. దీనికి మనుషులు ఎక్కువైతేనే ముప్పు. ఊరకున్నంత ఉత్తమం లేదు అన్న సామెత దీని కోసమే పుట్టిందేమో. కవర్లు తీసేశాక ఎప్పుడో ఒకసారి తడపాలి, నీడ సర్దాలి, కుళ్ళు కనబడితే ఏరాలి, అంతే. పెరగడానికి నెలలు, ఏళ్ళు. వాటిని బతికించాలని అంతగా తాపత్రయపడ్డాం, బతికాక అవి మా ముఠాకు పని ఇవ్వవని మాకెవరికీ తోచనే లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్కరు చాలండి" అన్నాను.

"అయితే మేస్త్రిని ఉంచుకోండి" అని ఆయన వెళ్ళిపోయారు.

మేస్త్రికి చెప్తే తల అడ్డంగా ఊపింది. "నా వాళ్ళని ఆ ఘాటులోకి తోలి, నేను ఈడ నీడన కూర్చోనా? రేపట్నుంచి నన్ను మేస్త్రీ అని ఎవరు పిలుస్తారు మేడం? కావాలంటే మా వాళ్ళలో ఆ చిన్నపిల్లల తల్లిని ఉంచుకోండి." ఎంత చెప్పినా వినలేదు. డాక్టరు మాట గుర్తుచేశాను. "ఆయన ఊరికే అట్టాగే అంటాడు" అంది.

మర్నాడు పొద్దున ఆటో వచ్చింది. మేస్త్రి అన్నం సంచీ భుజాన వేసుకుని, మూతిగుడ్డ చేతిలో పట్టుకుని అందరికన్నా ముందు వచ్చి నిలబడింది. ముఠా ఎక్కి సర్దుకుంది. ఈవిడ కాలు పెట్టబోతే, ఆ నోరు గట్టి మనిషి తన సంచీ తీసి ఖాళీ చోటులో పెట్టింది.

"సంచీ తియ్యవే."

"తియ్యను వదినా. నువ్వు వస్తే మాకు నష్టం."

"ఏం నష్టం?"

"పోయినేడు నువ్వు దగ్గుతా పడుకుంటే నీ కుప్ప గూడా మేమే తీశాం. ఈ యేడు మా వల్ల గాదు. మా కుప్పలు మాకు చాలు. ఆడ నీకు చోటు లేదు, ఈడే ఉండు."

"ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావు? మేస్త్రిని నేను."

"నువ్వే. మేస్త్రివి కాబట్టి పోయినేడు నోరు మూసుకుని తీశాం. ఇంక తియ్యం" అని, డ్రైవరు వీపు మీద చరిచి, "పోనీ అబ్బాయ్" అంది.

ఆటో కదిలింది. మేస్త్రి దాని వెనకే నాలుగడుగులు వేసి, వాళ్ళందరినీ పేరుపేరునా, వాళ్ళ వంశాలతో సహా తిట్టింది. ఆటోలోంచి నవ్వులు వినిపించాయి. ఆ తిట్లు రోడ్డు మలుపు దాకా వినబడి ఉంటాయి. ఒక్కసారి కూడా దగ్గు రాలేదు.